కుండ చాటున పుట్టిన నల్ల ఈగ

పోయినవారం మనం దక్షిణామూర్తి మాస్టారిని నవ్వుతుండగా వదిలేసి వచ్చాం. కూతురు అలేఖ్య పోయాక ఆ మనిషి నవ్వగా రాజమండ్రిలో చూసినవాళ్లు లేరు. అలాంటిది, శిష్యురాలు ఫణిశ్రీ పురుగుల్ని పెంచుతున్న డబ్బాలో ఒక నల్ల పూల ఈగ గూడు చీల్చుకుని బయటికి రాగానే, ఆయన ఆ డబ్బా రెండు చేతులా పట్టుకుని “వచ్చింది లక్ష్మీ, అలేఖ్య వచ్చింది” అంటూ వంటింట్లోకి పరుగెత్తారు. వరహాలక్ష్మిగారు పోపు మాడుతున్నా చూసుకోకుండా నిలబడిపోయింది. అంత సంతోషంలోనూ ఫణిశ్రీ మాత్రం వసారాలో రెండో డబ్బా ముందు కూలబడింది. ఎందుకో చెప్పకుండా కథ ఆపేసినందుకు మీరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, ఇప్పుడు చెబుతాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. పూల ఈగ అంటే మన కంచాల మీద ముసిరే ఈగ కాదు. బంతిపూల మీదా, కొత్తిమీర పూత మీదా గాలిలో మేకు కొట్టినట్టు కదలకుండా నిలబడుతుంది. ఒంటి నిండా పసుపు పట్టీలుంటాయి. కందిరీగ అనుకుని అందరూ చెయ్యి వెనక్కి తీసుకుంటారు. నిజానికి దానికి కొండి లేదు, కోపమూ లేదు. పిట్టలు పొడుచుకు తినకుండా కందిరీగ వేషం కట్టుకుని బతుకుతుంది. దాని పిల్లపురుగులు చిక్కుడు పాదుకి పట్టే పేనుబంకని తిని పెరుగుతాయి. గోదావరి డెల్టాలో ఈ ఈగలు ఎన్ని జాతులున్నాయో, ఏది ఏ వంశంలోంచి చీలి వచ్చిందో తేల్చడానికి మాస్టారు తన ఉద్యోగమంతా, రిటైరయ్యాక మిగిలిన జీవితమంతా ధారపోశారు.

వాటిలో ఒక జాతి నల్లది. పసుపు పట్టీలు లేవు, వేషం లేదు. బి.ఎస్సీ. చదువుతున్న రోజుల్లో అలేఖ్య ఇంట్లో పెంచిన పురుగుల్లోంచి అవి వచ్చాయి. వచ్చినవన్నీ ఆడ ఈగలే. ఆ ఏడే ఆ పిల్ల మెదడువాపు జ్వరంతో పోయింది. మరుసటి ఏడు మాస్టారు ఆ నల్ల ఈగని కొత్త జాతిగా ప్రకటించి, శాస్త్రీయ నామం చివర కూతురి పేరు పెట్టారు. అక్కడితో ఆగలేదు. కందిరీగ వేషం నేర్వకముందు ఈ ఈగల పూర్వీకులన్నీ నల్లగానే ఉండేవనీ, ఆ పాత వంశానికి మిగిలిన ఒకే ఒక్క సాక్షి అలేఖ్య ఈగేననీ ఒక సిద్ధాంతం నిలబెట్టారు. ఆయన పెద్ద పుస్తకం ఆ సిద్ధాంతం మీదే నడుస్తుంది. అయితే ఆ తరవాత డెల్టా అంతా గాలించినా ఆ నల్ల ఈగ ఎవరి వలలోనూ పడలేదు. “అదీ దానితోనే పోయింది” అని మాస్టారు ఒక్కసారి అన్నారట. మళ్లీ అనలేదు. అందుకే పుస్తకం ప్రెస్సులో ఉన్న ఈ తొంభై తొమ్మిది మాఘమాసంలో నల్ల ఈగ తిరిగి కనబడటం ఆయనకి పోయిన ప్రాణం లేచి వచ్చినంత పనయింది.

ఇక ఫణిశ్రీ సంగతి. పెరట్లో చిక్కుడు పాదు మీద పట్టిన ఒకే ఒక ఆడ ఈగ చేత ఆమె గుడ్లు పెట్టించింది. పిల్లపురుగులు కిక్కిరిసి ఉంటే ఒకదాన్నొకటి కొరుక్కుతింటాయి కాబట్టి వాటిని రెండు డబ్బాల్లోకి సర్దింది. రెండూ వసారాలోనే పెట్టింది. ఒక డబ్బాకి చీమలు దారి కట్టాయి. అది చూసి వరహాలక్ష్మిగారు దాన్ని తీసుకెళ్లి మంచినీళ్ల కుండ వెనకాల, తడి ఇసుకలో పెట్టింది. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా మాస్టారికి ఆ నీళ్లు పడవు. ఏ కాలంలోనైనా ఆయనకి కుండ నీళ్లే కావాలి. కుండ కింద ఇసుక పొద్దస్తమానం తడిగా ఉంటుంది. నల్ల ఈగ వచ్చింది ఆ డబ్బాలోంచి. వసారాలో మిగిలిన డబ్బాలోంచి అదే రోజు వచ్చినవన్నీ శుభ్రంగా పసుపు పట్టీలు కట్టుకుని వచ్చాయి. గుడ్లు పెట్టిన తల్లి మాత్రం ఒక్కతే.

ఒక తల్లి కడుపున రెండు జాతులు పుట్టవు. ఇది తెలుసుకోవడానికి జువాలజీ కూడా అక్కర్లేదు.

పొరపాటేమో అని ఫణిశ్రీ మాస్టారికి చెప్పకుండా మళ్లీ మొదలుపెట్టింది. ఇంకో ఆడ ఈగ, ఇంకోసారి గుడ్లు, ఒక డబ్బా వసారాలో, ఒకటి కుండ వెనకాల. పొరపాటు అయితే బాగుండునని దేవుడికి మొక్కుకుంది కూడా. పరిశోధన చేసేవాళ్లు తమ పరిశోధన తప్పవ్వాలని మొక్కుకోవడం నేను ఇదే చూడటం. మొక్కు ఫలించలేదు. వసారాలో పసుపు, కుండ దగ్గర నలుపు. పైగా ఈసారి నల్లవాటిలో ఒక మగ ఈగ వచ్చింది. మగ ఈగ తోక కింద చిన్న కొక్కేలుంటాయి. ఒక్కో జాతికి వాటి ఆకారం ఒక్కో తీరు. రంగు మనిషిని మోసం చేస్తుందిగానీ ఆ కొక్కేలు చెయ్యవని మాస్టారే ఆమెకి నేర్పారు. ఫణిశ్రీ దాన్ని కోసి, కొక్కేలు తీసి, మైక్రోస్కోపు కింద పసుపు మగ ఈగ కొక్కేల పక్కన పెట్టి చూసింది. రెంటికీ వెంట్రుకంత తేడా లేదు.

ఆ పొద్దున్న మాస్టారు ప్రెస్సుకి వెళ్లారు. ఫణిశ్రీ పెరట్లోకి వచ్చేసరికి వరహాలక్ష్మిగారు పాదు కింద నిలబడి ముదిరిపోయిన చిక్కుడుకాయలు గింజలకని కోస్తోంది.

“పిన్నిగారండీ, అలేఖ్య తన డబ్బాలు ఎక్కడ పెట్టుకునేదండీ?”

“ఎక్కడేంటే, నీది పెట్టాను చూడు, అక్కడే. కుండ వెనకాల.”

“అన్నీనా అండీ?”

“అన్నీను. ఓసారి వసారాలో పెడితే చీమలు పట్టి మొత్తం తినేశాయి. వాళ్ల నాన్నగారు కోప్పడతారని ఏడుస్తూ కూచుంది. తడిసిన ఇసక దాటి చీమ రాదే, అక్కడ పెట్టుకో అని నేనే చెప్పాను. అప్పట్నించీ మంచినీళ్లు ముంచుకోవాలంటే దాని పర్మిషన్ ఉండాలి.” ఆవిడ నవ్వబోయి, ఫణిశ్రీ మొహం చూసి ఆగింది. “ఏమైందే? అలా ఉన్నావేంటి?”

చెప్పకుండా ఉండాలనుకుంది ఫణిశ్రీ. కానీ ఆ ఇంట్లో రెండేళ్లుగా ఆవిడ చేతి అన్నం తింటోంది. ఎదురుగా నిలబడి అబద్ధమాడటం ఆమె వల్ల కాలేదు. గూడు కట్టుకున్న రోజుల్లో చల్లగా ఉంటే ఈగ నల్లబడుతోందనీ, వెచ్చగా ఉంటే పసుపు పట్టీలు వస్తున్నాయనీ, నల్లదీ పసుపుదీ ఒకటేననీ మెల్లిగా చెప్పింది. వరహాలక్ష్మిగారు కాయలున్న చేట కింద పెట్టింది.

“అంటే దాన్ని నల్లగా చేసింది కుండ చలవా?”

“అవునండీ.”

“మరి దాని పేరో?”

“ఆ పసుపు ఈగకి ఎప్పుడో వందేళ్ల కిందట పెట్టిన పేరుందండీ. ఒకే జాతికి రెండు పేర్లుంటే పాతదే ఉంచుతారండీ. కొత్తది తీసేస్తారు.”

ఆవిడ పాదు కర్ర పట్టుకుని అక్కడే రాతి పలక మీద కూచుంది.

“ఫణీ, నువ్వీ ఇంట్లో ఇన్నాళ్లనించీ తిరుగుతున్నావు. మీ మాస్టారు కూతురి గురించి ఒక్క మాట మాట్లాడగా విన్నావా? దాని ఫోటో గోడ మీద లేదు, బీరువాలో బట్టల కింద ఉంది. నేను దాని పేరెత్తితే కంచం ముందునించైనా సరే లేచిపోతారు. ఒక్క ఆ ఈగ సంగతి వస్తేనే నోరు విప్పుతారు. అలేఖ్య రెక్కలు ఇలా ఉంటాయి, అలేఖ్య కళ్లు ఇలా ఉంటాయి అని మీకందరికీ చెబుతారే, నేను తలుపు చాటున నిలబడి వింటాను. పొయ్యి మీద ఏమున్నా దింపేసి వచ్చి వింటాను. ఆ పేరు తీసేస్తే ఇంక ఈ ఇంట్లో నా కూతురి పేరు పలికేదెవరే?”

శాస్త్రం పుస్తకాల్లో ఈ ప్రశ్న ఉండదు.

“చెప్పకమ్మా,” అంది వరహాలక్ష్మిగారు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి ఆవిడ. “నాకోసం చెప్పకు. నేను చేసింది చాలు. మొగల్తూర్లో మా చెల్లెలు చిన్నమ్మాయి పురుడు పోసుకుంటే, దానికి బాలింతలకి పెట్టే కాయం లేహ్యం ఇచ్చి రమ్మని అలేఖ్యని పంపింది నేనే. బస్సులో ఎవరిచేతైనా పంపితే సరిపోయేది. నా చెల్లెలి మీద నాకు ప్రేమ పొంగింది, చేతికందొచ్చిన పిల్లని పంపాను. అక్కడ దోమలు కుట్టి ఆ జ్వరం తెచ్చుకుంది. ఇప్పుడు చూడు, ఆ కుండ వెనకాల పెట్టమంది కూడా నేనే. పిల్లనీ నేనే పోగొట్టాను, పేరూ నేనే పోగొట్టాను అని ఆయన అనుకోరా?”

“అలా అనుకోరండీ.”

“అనుకోరులే. ఆయన ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నేను గోడకి తల కొట్టుకుని ఏడ్చినప్పుడు కూడా ఊరుకో అని గానీ నీ తప్పు కాదని గానీ అనలేదు. అంటే నా తప్పేనని కదా.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, చేట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఫణిశ్రీ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. చెబితే ఒక తల్లి నోటి దగ్గర ముద్ద తీసినట్టు. చెప్పకపోతే, మాస్టారు నేర్పిన విద్యని మాస్టారి ఇంట్లోనే పాతిపెట్టినట్టు. పోనీలే, ఎవరికి తెలుస్తుంది, చెప్పకుండా ఉండిపోదాం అని ఆ క్షణాన ఆమె నిజంగానే నిర్ణయించుకుంది. నేనైనా అదే చేసేవాణ్ణి.

మాస్టారు పదకొండయ్యేసరికి రిక్షా దిగారు. చంకలో ప్రూఫుల కట్ట. మొహం కళకళలాడుతోంది. గుమ్మంలోంచే మొదలుపెట్టారు.

“ఫణిశ్రీ, ఫోర్మన్ అప్పాజీని ఒప్పించాను. ఆఖరి ఫారం అచ్చెయ్యకుండా ఆపమన్నాను. కొత్తగా ఒక అధ్యాయం చేరుస్తున్నాం. అలేఖ్య మళ్లీ దొరికిన వైనం. అది నువ్వే రాయాలి. నీ పేరే వేయిస్తాను.”

“నా పేరెందుకండీ మాస్టారూ.”

“పెంచింది నువ్వు కాదా? నా వయసులో మనిషికి ఇంకొకరి కష్టం మీద పేరు వేసుకోవాలని ఎందుకుంటుంది?” ఆయన పడక్కుర్చీలో కూచుని కళ్లజోడు తుడుచుకున్నారు. “రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. వర్ణన నేను చూసుకుంటాను. నాకు కావలసింది పెంపకం. ఏ మొక్క మీద పట్టావు, ఏం మేపావు, డబ్బా ఇంట్లో ఏ చోట పెట్టావు, అక్కడ వేడెంత, తడెంత. అన్నీ ఉండాలి. రేపు ఇంకెవరైనా అలేఖ్యని పెంచాలంటే నీ అధ్యాయం చదివి పెంచగలగాలి.”

వరహాలక్ష్మిగారు కాఫీ గ్లాసుతో వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆవిడ ఫణిశ్రీనే చూస్తోంది. ఆ చూపుని ఫణిశ్రీ భరించలేకపోయింది. డబ్బా ఎక్కడ పెట్టావు అని అడిగిన మనిషికి ఏం రాసివ్వాలి? కుండ వెనకాల అని రాస్తే, చదివిన ప్రతివాడూ ఒక డబ్బా కుండ వెనకా ఒకటి బయటా పెట్టి చూస్తాడు. వసారాలో అని రాస్తే అది అచ్చులో అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి పాపం ఎవరో ఎక్కడో ఏళ్ల తరబడి నల్ల ఈగ కోసం వెతుకుతారు, మాస్టారు వెతికినట్టే.

“రెండూ ఒకటేనండి మాస్టారూ,” అంది.

“ఏ రెండు?”

“నల్లదీ, పసుపుదీనండి. ఒకే తల్లి గుడ్లండి. వసారాలో పెట్టినవి పసుపుగా వచ్చాయి. కుండ దగ్గర పెట్టినవి నల్లగా వచ్చాయి.”

మాస్టారి మొహంలో నవ్వు పూర్తిగా పోలేదు. చిన్నపిల్ల ఏదో పొరపాటు లెక్క చెబితే చూసినట్టు చూశారు.

“గుడ్లు కలిసిపోయుంటాయి.”

“లేదండి. పెట్టిన తల్లిని వేరే డబ్బాలో ఒక్కదాన్నే ఉంచానండి.”

“మేతతో పాటు ఆకుల మీద ఇంకోదాని గుడ్లు వచ్చుంటాయి.”

“ఆకులు కడిగి, లెన్సు పెట్టి చూశాకే వేశానండి. రెండోసారి కూడా చేశాను. అలాగే వచ్చింది.”

“రెండోసారి చేశావా? నాకు చెప్పకుండా?” గొంతు పెరిగింది. “ఎందుకు చేశావు? నామీద నమ్మకం లేకనా?”

“తప్పయితే బాగుండునని చేశానండి.”

ఆయన లేచారు. చేతిలో ప్రూఫులు కింద పడ్డాయి. కుర్చీ పట్టుకుని నిలబడి, ఈమెని ఇంట్లోకి రానిచ్చినందుకు తనని తాను తిట్టుకున్నారు. రంగు ఒక్కటే చూసి జాతి తేల్చేంత తెలివితక్కువవాణ్ణా అన్నారు, ఎక్కడో చలిదేశాల్లో ఈగలు చలికి నల్లబడతాయని పేపర్లు చదివి ఇక్కడ గోదావరి ఒడ్డున కూడా అదే చూడాలనుకుంటే ఎలా అన్నారు. ఇంత మాట్లాడినా ఆయన అడగవలసింది ఇంకొకటి ఉందని ఫణిశ్రీకి తెలుసు. ఆయన అది అడగకుండా చుట్టూ తిరుగుతున్నారని అర్థమై ఆమెకి ఏడుపొచ్చింది.

ఆఖరికి అడిగారు. “మగది వచ్చిందా?”

“వచ్చిందండి.”

“నల్లదే?”

“నల్లదేనండి. కొక్కేలు తీశాను. మైక్రోస్కోపు కింద ఉన్నాయి.”

ఆయన గదిలోకి నడిచారు. ముప్పయ్యేళ్లుగా కూచున్న స్టూలు మీద కూచున్నారు. అద్దం తిప్పి వెలుతురు సర్దుకున్నారు. ఆ చూడటం ఎంతసేపు చూశారో చెప్పలేను. ఒక స్లైడు తీసి ఇంకోటి పెట్టారు, మళ్లీ మొదటిది పెట్టారు, బీరువాలోంచి పసుపు మగ ఈగది తన పాత స్లైడు తెచ్చి దాన్నీ పెట్టారు. గుమ్మం దగ్గర ఆడవాళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. వీధిలో కూరగాయలమ్మే అబ్బులు తోపుడుబండి ఆపి రెండుసార్లు పిలిచి, ఎవరూ పలక్కపోతే వెళ్లిపోయాడు. వరహాలక్ష్మిగారికి ఆ యంత్రంలో ఏం కనిపిస్తుందో తెలియదుగానీ, భర్త భుజాలు కిందికి జారడం కనిపించింది. ఆవిడకి అది చాలు.

“పాత పేరు నిలుస్తుంది,” అన్నారు మాస్టారు, కన్ను తియ్యకుండానే. “తరవాత పెట్టింది పోతుంది. ముందొచ్చినవాడిదే పేరు. నీకు మొదటిరోజు చెప్పిన పాఠం అదే కదూ.”

“అవునండి.”

“పూర్వీకుల అధ్యాయం కూడా పోతుంది. వంశవృక్షం మొదట్లో దాన్ని నిలబెట్టి మిగతా కొమ్మలన్నీ దానిమీంచి గీశాను. ఇప్పుడు ఆ మొదలు లేదు.” ఆయన గొంతు మామూలుగానే ఉంది. అలా మామూలుగా ఉండటం చూసే ఫణిశ్రీకి భయమేసింది. “బాగా చేశావమ్మా. పని బాగా చేశావు. కోతలో ఎక్కడా చిరుగు లేదు.”

“మాస్టారూ, క్షమించండి.”

“నువ్వెందుకూ. నాకిది కొత్త కాదు. ఈ మాట నాకు ఇదివరకే ఒకరు చెప్పారు.”

“ఎవరండీ?”

ఆయన మైక్రోస్కోపు దగ్గర్నుంచి తల ఎత్తారు. భార్య వైపు చూడలేదు.

“అలేఖ్య.”

వరహాలక్ష్మిగారు గుమ్మం పట్టుకుంది.

“ఆ ఏడు దసరా సెలవుల్లో చెప్పింది,” అన్నారాయన. “నాన్నగారూ, ఈ నల్లవీ ఆ పసుపువీ ఒకటేనేమోనండీ, నాకు అనుమానంగా ఉంది అంది. నేను అప్పటికే కొత్త జాతి అని నలుగురికీ ఉత్తరాలు రాసేశాను. కోపం వచ్చింది. డిగ్రీ పూర్తికానిదానివి, నాకు చెప్పొచ్చావా అన్నాను. మగదాన్ని తీసుకురా. కొక్కేలు చూపించు. అప్పుడు మాట్లాడు. అంతవరకూ నా ఎదుట ఈ మాట ఎత్తకు అన్నాను. ఆ రాత్రి అది అన్నం తినలేదు.”

“ఎప్పుడు?” అంది వరహాలక్ష్మిగారు. “ఎప్పుడు చెప్పింది మీకు?”

“మొగల్తూరు వెళ్లే ముందు.”

“ఎంత ముందు?”

“ముందురోజు.”

ఆవిడ నెమ్మదిగా లోపలికి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ఏదో వెతుక్కుంటున్నట్టు మాట్లాడింది. “బస్సెక్కితే వాంతులవుతాయని పక్కూరుకి కూడా రాని పిల్ల. కాయం ఎవరిచేత పంపాలా అని నేననుకుంటుంటే, నేనెళ్తానమ్మా అని తనే ముందుకొచ్చింది. రెండ్రోజుల్లో వచ్చేస్తానంది. రాలేదు. పసివాడితో ముచ్చటపడి ఉండిపోయిందనుకున్నాను. దానికక్కడ ఏం పని?”

“మొగల్తూరు ఇసక నేలల్లో జిల్లేడు ఎక్కువ. జిల్లేడుకి పేనుబంక పడుతుంది. అక్కడైతే మగది దొరుకుతుందేమోనని వెళ్లింది. పొద్దుగూకే దాకా కాలవ గట్ల మీద వల పట్టుకుని తిరిగేదట. దోమలు కుట్టిందక్కడే.”

“మీకెలా తెలుసు?”

“వెళ్లేటప్పుడు నాకు చెప్పే వెళ్లింది. మగదాన్ని తెస్తాను నాన్నగారూ అంది. నేను పేపర్లోంచి తల ఎత్తలేదు.”

గదిలో నాఫ్తలిన్ ఉండల వాసన. ఫణిశ్రీకి అక్కణ్నుంచి వెళ్లిపోవాలనిపించింది. ఇతరుల దుఃఖం మధ్యలో ఇరుక్కున్నవాళ్లకి నిలబడటానికి చోటుండదు.

“తెలుసన్నమాట,” అంది వరహాలక్ష్మిగారు. “నేను కాయం పంపబట్టి పిల్ల పోయిందని నేను ఏడుస్తుంటే, మీకు తెలుసు.”

“తెలుసు.”

“చెల్లెలి మొహం చూడటం మానేశాను. దాని కొడుకు పుట్టిన రోజే నా కూతురికి మృత్యువు పట్టిందని, ఆ పసివాణ్ణి ఒక్కసారి ఎత్తుకోలేదు. అదీ మీకు తెలుసు.”

“తెలుసు లక్ష్మీ.”

“ఒక్క మాట చెప్పలేదు.”

“చెబితే నువ్వు నా మొహం చూడవనుకున్నాను.” ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, చీవాట్లు తింటున్న పిల్లాడిలా వాటినే చూసుకుంటున్నారు. “అది చెప్పిందే నిజమైతే దాన్ని అన్యాయంగా పంపినట్టు. నేను చెప్పింది నిజమైతే కనీసం తన పొరపాటు తను తెలుసుకోవడానికి వెళ్లినట్టు. అందుకని నాదే నిజం చేశాను. ఈగకి దాని పేరు పెట్టేశాను. ఆ తరవాత నేనే నమ్మాను. ఇన్నేళ్లూ ఆ నల్ల ఈగని వెతికింది కూడా నమ్మే వెతికాను. నీమీద ఒట్టు.”

“నామీద వెయ్యకండి.”

అంతకుమించి ఆవిడ గొంతు పెంచలేదు. కింద పడిన ప్రూఫుల్ని ఏరి, దులిపి, బల్ల మీద ఆయన ముందు పెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, అంతే. ఆ అక్షరాల్లో కూతురి పేరు ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడో గుర్తు పెట్టుకుంది. మొదటి పేజీ మీద వేలు పెట్టి చూపించింది.

“తీసెయ్యండి. ఆ పేరు పలుకుతారని పొద్దున్నే ఈ పిల్లని బతిమాలుకున్నాను, చెప్పద్దని. ఇప్పుడు నేనే అంటున్నాను. నా కూతురు కాదన్నదానికి నా కూతురి పేరేంటి? మీ చేత్తో కొట్టెయ్యండి.”

మాస్టారు పెన్ను తీశారు. పేరు మీద పెట్టారు. కాగితం మీద సిరా చుక్క పడింది తప్ప గీత పడలేదు. ఆయన ఫణిశ్రీ వైపు చూశారు, నువ్వు కొట్టెయ్యమ్మా అన్నట్టు. ఫణిశ్రీ తల అడ్డంగా ఊపింది. ఆమె కన్నీళ్లు ఆగడంలేదు. గురువు మీద ఇంత జాలీ ఇంత కోపమూ ఒకేసారి కలుగుతాయని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

వరహాలక్ష్మిగారు లోపలికి వెళ్లింది. కాసేపటికి చీర మార్చుకుని, చేతిలో గుడ్డసంచీతో బయటికి వచ్చింది. వీధి అరుగు మీద చెప్పులు వేసుకుంటోంది.

“పిన్నిగారండీ, ఎక్కడికండీ?” ఫణిశ్రీ వెనకాలే పరుగెత్తింది.

“మొగల్తూరు. మధ్యాహ్నం నర్సాపురం బస్సు దొరుకుతుంది. కుక్కర్లో అన్నం ఉంది, మీ మాస్టారికి పెట్టు.”

“ఒక్కరేనా అండీ? ఇన్నేళ్ల తరవాత ఇప్పుడు వెళ్లి ఏం చేస్తారండీ?”

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది. మాస్టారు గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. ఆయన వింటున్నారని ఆవిడకి తెలుసు, ఆయనకి వినబడేలాగే చెప్పింది.

“పిల్లని ఇక్కడి ఆస్పత్రికి తీసుకొచ్చినరోజు చిన్నమ్మాయి పసివాణ్ణి ఎత్తుకుని కూడా వచ్చింది. పిల్లకి తెలివి తప్పకముందు ఒక మాట చెప్పమందక్కా అని నా చెయ్యి పట్టుకుంది. నేను చెప్పనివ్వలేదు. అమ్మ పంపబట్టే ఇలా అయ్యింది అని చెప్పమందేమో, ఆ మాట వింటే నేను బతకలేననుకుని దాని నోరు మూయించాను. మళ్లీ ఎప్పుడూ చెప్పనివ్వలేదు. ఆ మాట నాకు కాదట. వాళ్ల నాన్నగారికి చెప్పమందట, అంతవరకే ఆ తరవాత ఉత్తరంలో రాసింది చిన్నమ్మాయి.”

మాస్టారు గుమ్మం దిగారు. చెప్పులు వేసుకోవడం కూడా మరచి అరుగు మీదికి వచ్చారు. “నాకా? ఏం చెప్పమంది లక్ష్మీ? ఉండు, నేనూ వస్తాను.”

వరహాలక్ష్మిగారు అప్పటికే గేటు తీసింది. చెయ్యెత్తి ఆటో ఆపి, ఎక్కి కూచున్నాక ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది.

“మీరు రాకండి. ముందు నేను వింటాను. మీకు చెప్పాలో వద్దో ఆ తరవాత చూస్తాను.”